షాపు సైట్‌లో కీవర్డ్ సెర్చ్ బాగుపడాలంటే డేటాబేస్ చాలా, వేరే సెర్చ్ ఇంజిన్ పెట్టాల్సిందేనా?

కొట్టు_సైటు
అందరికీ నమస్కారం. మా ఆన్‌లైన్ షాపులో దాదాపు 60 వేల సరుకులున్నాయి. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్, అందులో డేటాని దాచే భాగం ఇన్నోడీబీ. ఒకే టేబుల్‌లో పేరు, వివరణ, కీవర్డ్స్ అని మూడు కాలమ్‌లు. కీవర్డ్స్‌లో కామాలు పెట్టి మాటలు వరసగా రాసి ఉంటాయి. అంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే. ఎవరైనా ఏదైనా కొడితే ఈ మూడింటి మీదా లైక్ '%మాట%' అని వెతుకుతుంది (శాతం గుర్తు ఉన్నచోట ఏ అక్షరాలైనా ఉండొచ్చని అర్థం). ఇది నేను రాసింది కాదు, నాకు ముందున్నాయన రాసి వెళ్లిపోయాడు.

బాధలు ఇవి. రద్దీ వేళల్లో పేజీ రావడానికి ఆరేడు సెకన్లు పడుతోంది. ‘చార్జర్’ అని కొడితే మొదటి పేజీ నిండా ఫోన్ కవర్లే. ‘సైకిల్ పంపు’ అంటే దొరుకుతుంది, ‘పంపు సైకిల్’ అంటే సున్నా. ఒక్క అక్షరం తప్పు పడినా సున్నా.

మా మేనేజర్ ‘ఎలాస్టిక్‌సెర్చ్ అనే వేరే సెర్చ్ ఇంజిన్ పెట్టేయండి, అయిపోతుంది’ అంటున్నారు. టీమ్‌లో ఉన్నది నేనూ ఇంకొకరూ. డేటాబేస్‌లోనే బాగుచేసుకోవచ్చా? ఆయన చెప్పిన దారిలోనే వెళ్లాలా?

గోడమీద_పిల్లి
పాప్‌కార్న్ తెచ్చుకుని కూర్చున్నా. ఈ ప్రశ్నకి రెండు పేజీలకు తక్కువ కాదు.

పాత_పట్టిక
వేరే ఇంజిన్ ఏమీ అక్కర్లేదు. ముందు లైక్ సంగతి. ఇండెక్స్ అంటే నిఘంటువు లాంటిది. ‘కా’తో మొదలయ్యే మాటలు చూపించమంటే నేరుగా ఆ పేజీకి పోతాం. ‘మధ్యలో ఎక్కడో ల ఉన్న మాటలు చూపించు’ అంటే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగెయ్యాల్సిందే. మీ క్వెరీలో ముందూ వెనకా శాతం గుర్తు పెట్టి చేస్తున్నది అదే, మూడు కాలమ్‌ల మీద, ప్రతి మనిషికీ. క్వెరీ ఎలా నడుస్తుందో చూపించే ఎక్స్‌ప్లెయిన్ కొట్టి చూడండి, టైప్ దగ్గర ‘ఆల్’ అని, అంటే టేబుల్ అంతా తిరగేస్తున్నట్టు, కనబడుతుంది. లైక్ ఇండెక్స్‌ని వాడదు.

దీనికి మందు ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్. ఇన్నోడీబీలో మైఎస్‌క్యూఎల్ 5.6 వెర్షన్ నుంచి, అంటే 2013 నుంచీ ఉంది. అది పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిది: ఏ మాట ఏ ఏ వరుసల్లో ఉందో ముందే రాసి పెట్టుకుంటుంది. మాటలు విడివిడిగా ఉంటాయి కాబట్టి ‘పంపు సైకిల్’ అన్నా ‘సైకిల్ పంపు’ అన్నా ఒకటే. బూలియన్ మోడ్‌లో ప్రతి మాట ముందూ ప్లస్ పెట్టండి, అన్ని మాటలూ ఉన్నవే వస్తాయి. అరపూట పని. ఇద్దరే ఉన్న టీమ్‌కి ఇంకో సర్వర్ అంటగట్టడం పాపం.

నిద్రలేని_సర్వర్
చిన్న సవరణ. ‘లైక్ ఇండెక్స్‌ని వాడదు’ అన్నది తప్పు. మొదట్లో శాతం గుర్తు లేకపోతే, అంటే లైక్ 'మాట%' అయితే, నిఘంటువులా వరసగా ఉండే మామూలు బీ-ట్రీ ఇండెక్స్‌ని వాడుతుంది.

పాత_పట్టిక
నిఘంటువు ఉదాహరణ ఎందుకు చెప్పానంటారు? మొదలు తెలిస్తే దొరుకుతుందనే కదా. మళ్లీ చదవండి.

నిద్రలేని_సర్వర్
చదివాను. చివరి వాక్యంలో ‘లైక్ ఇండెక్స్‌ని వాడదు’ అని ఉంది. రేపు ఎవరో కొత్తవాళ్లు అదొక్కటే పట్టుకుపోతారు.

పాత_పట్టిక
ఆయన వాడుతున్న లైక్ గురించి అన్నాను. లోకంలో ఉన్న లైకులన్నిటి గురించీ కాదు.

దారిదీపం
మీరిద్దరూ లైక్ దగ్గరే ఆగిపోతే అడిగిన మనిషికి జవాబు రాదు. ఆయన నాలుగు బాధలు చెప్పారు. ఫుల్‌టెక్స్ట్‌తో మొదటిదీ మూడోదీ పోతాయి, ఒప్పుకుంటాను. చార్జర్‌కి కవర్లు రావడం పోదు. అక్షరం తప్పితే సున్నా రావడం పోదు. అంటే సగం వైద్యం.

పైగా కొత్త రోగం తగులుకుంటుంది. ఇన్నోడీబీ ఫుల్‌టెక్స్ట్‌లో మూడక్షరాల కన్నా చిన్న మాట ఇండెక్స్‌లోకే ఎక్కదు. ఇంగ్లీషులో టీవీ రెండక్షరాలు. ఇవాళ నెమ్మదిగానైనా టీవీలు కనబడుతున్నాయి. మీ అరపూట పని అయ్యాక టీవీ అని కొడితే క్షణంలో సున్నా వస్తుంది. యూఎస్‌బీ-సీ అంటే హైఫన్ దగ్గర విరిగి, ‘సీ’ ఒక్కక్షరం కాబట్టి రాలిపోతుంది. ఇక యూఎస్‌బీ-సీ కేబులూ యూఎస్‌బీ-ఏ కేబులూ సెర్చ్‌కి ఒకటే.

అప్పుడు మేనేజర్ ‘వేగం పెరిగింది, టీవీలు పోయాయి’ అంటే ఏం చెబుతారు?

పాత_పట్టిక
అది డిఫాల్ట్ మాత్రమే. ఇండెక్స్‌లోకి ఎక్కే మాటకి కనీస పొడవు చెప్పే ‘మిన్ టోకెన్ సైజ్’ అనే సెట్టింగ్‌ని 1 చేసుకోవచ్చు. మాన్యువల్‌లో మొదటి పేజీలో ఉంటుంది.

దారిదీపం
మొదటి పేజీలో ఉన్నదాన్ని మీ సలహాలో ఒక్క ముక్క కూడా చెప్పలేదేం? ఆ సెట్టింగ్ నడుస్తున్న సర్వర్ మీద మారదు. రీస్టార్ట్ చెయ్యాలి, ఆ తర్వాత ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్‌లన్నీ మళ్లీ కట్టాలి. షేర్డ్ హోస్టింగ్‌లో, అంటే ఒకే సర్వర్‌ని చాలామంది పంచుకునేచోట, ఉన్నవాళ్లని రీస్టార్టే చేయనివ్వరు.

పాత_పట్టిక
60 వేల వరుసలకు ఇండెక్స్ కట్టడం పెద్ద పనేం కాదు. ఆయన షేర్డ్ హోస్టింగ్‌లో ఉన్నానని చెప్పారా?

కొట్టు_సైటు
లేదండీ, సర్వర్ మాదే. రీస్టార్ట్ చేసుకోవచ్చు.

పాత_పట్టిక
విన్నారుగా.

ఏనుగు_మావటి
పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌కి మారిపోండి. మాటల్ని మూడేసి అక్షరాల ముక్కలుగా చూసే ట్రైగ్రామ్ ఎక్స్‌టెన్షన్ పెట్టి జిన్ అనే రకం ఇండెక్స్ కడితే రెండు వైపులా శాతం గుర్తు ఉన్న లైక్ కూడా ఇండెక్స్ మీదే నడుస్తుంది, 9.1 వెర్షన్ నుంచీ ఉంది. అక్షరం తప్పినా పోలిక చూసి పట్టుకుంటుంది. పేరుకి ఏ, కీవర్డ్స్‌కి బీ, వివరణకి డీ అని బరువులు కూడా ఇవ్వొచ్చు.

నిద్రలేని_సర్వర్
ఇల్లు కారుతోందని అడిగితే ఊరు మారమన్నట్టుంది.

ఏనుగు_మావటి
ఊరు మంచిది అన్నాను, అంతే.

నిద్రలేని_సర్వర్
ఇంతకీ చార్జర్‌కి కవర్లు ఎందుకొస్తున్నాయో ఎవరూ అడగలేదు. లైక్‌కి ర్యాంకు అనేదే లేదు, ఉంది లేదు అని రెండే జవాబులు. మరి మీ క్వెరీలో ఫలితాల వరస చెప్పే ఆర్డర్ బై దగ్గర ఏముంది?

కొట్టు_సైటు
ఇప్పుడే చూశాను. ఐడీ డిసెండింగ్. ఎక్కించినవాటిలో కొత్తవి ముందు. గత రెండు నెలలుగా కవర్లే ఎక్కువ ఎక్కించారు. ఆ కవర్ల కీవర్డ్స్‌లో ‘చార్జర్’ అని కూడా ఉంది, ఎందుకో తెలీదు.

గోడమీద_పిల్లి
అంటే ఇన్నాళ్లూ అది సెర్చ్ కాదు, ‘కొత్తగా వచ్చినవి’ పేజీ అన్నమాట.

దారిదీపం
చూశారా, అసలు సంగతి వేగం కాదు, వరస. ఏది ముందు రావాలో తేల్చడం ఎలాస్టిక్‌సెర్చ్ వెనకున్న లూసీన్ అనే సెర్చ్ లైబ్రరీ పని, పాతికేళ్లుగా అదే చేస్తోంది. 2016లో వచ్చిన లూసీన్ 6.0 వెర్షన్ నుంచి అందులో బీఎం25 అనే లెక్క డిఫాల్ట్. దాని సారం రెండు మాటల్లో చెబుతాను. అన్ని సరుకుల్లోనూ ఉన్న మాటకి విలువ తక్కువ, అరుదైన మాటకి ఎక్కువ. ఇది కారెన్ స్పార్క్ జోన్స్ అనే పరిశోధకురాలు 1972లో చెప్పిన సంగతే. రెండోది, ఒకే మాట పదిసార్లు రాసినంత మాత్రాన పదింతల మార్కులు రావు. రెండో మూడో సారి తర్వాత పెరుగుదల మందగిస్తుంది. కీవర్డ్స్‌లో ‘చార్జర్ చార్జర్ చార్జర్’ అని కూరినవాడి ఆట అక్కడ కట్టు.

మీ ఇన్నోడీబీ ఫుల్‌టెక్స్ట్‌లో లెక్క ఏమిటో మాన్యువల్‌లోనే ఉంది, మొదటి పేజీలో కాకపోయినా: మాట ఎన్నిసార్లు వచ్చిందో ఆ సంఖ్యని అరుదుదనంతో రెండుసార్లు గుణిస్తుంది. పదిసార్లు రాస్తే పదింతలే. కూరినవాడికి బహుమతి.

పాత_పట్టిక
కూరడం తప్పు అయితే కూరనివ్వకండి. దొంగతనం జరుగుతోందని కొత్త తాళం కొంటారా, తలుపు తీసి పెట్టినవాణ్ణి అడుగుతారా? కామాల కీవర్డ్స్ కాలమ్ తీసేసి వేరే టేబుల్ పెట్టండి: సరుకు ఐడీ, మాట. ఒక్కో వరుసకి ఒక్కో మాట. రెండూ కలిపి యూనిక్. ఒక సరుకు కింద ‘చార్జర్’ రెండోసారి రాయడం కుదరనే కుదరదు. పేరుకొక ఫుల్‌టెక్స్ట్, వివరణకొక ఫుల్‌టెక్స్ట్ విడిగా కట్టండి. పేరులో దొరికితే వచ్చిన మార్కుని ఐదుతో గుణించండి, కీవర్డ్‌లో దొరికితే రెండు కలపండి, వివరణకి ఒకటి. ఐదు ఎందుకు, ఆరు ఎందుకు కాదు అని అడగొద్దు. మీ లాగ్‌లోంచి ఒక యాభై మాటలు తీసి కొట్టి చూసి సర్దుకోండి.

ఇక ఎలాస్టిక్ గురించి అనుభవంతో చెబుతున్నాను. కొన్నేళ్ల కింద నేను పనిచేసిన ఒక షాపులో ఇలాగే మేనేజర్ ముచ్చటపడి వేరే ఇంజిన్ పెట్టించాడు. డేటాబేస్‌లో స్టాక్ మారినప్పుడల్లా దానికి చేరవేయడానికి ఒక జాబ్. శుక్రవారం రాత్రి ఆ జాబ్ ఆగిపోయింది. ఎర్రర్ లేదు, చప్పుడు లేదు. సోమవారం దాకా సెర్చ్‌లో అయిపోయిన సరుకు ఉన్నట్టే కనబడింది, జనం కొంటూనే ఉన్నారు. ఆ క్షమాపణ మెయిళ్లు ఎవరు రాశారనుకుంటున్నారు? ఇంజిన్ వద్దన్న నేనే. ఒకే నిజం రెండు చోట్ల రాసి పెట్టుకుంటే ఏదో ఒక రోజు రెండూ రెండు మాటలు చెబుతాయి.

దారిదీపం
జాబ్ ఆగితే తప్పు జాబ్‌ది. దానికి అలారం పెట్టుకోనివాళ్లది. ఇంజిన్‌ది ఎలా అవుతుంది? సెర్చ్‌లో కనబడ్డా, బుట్టలో వేసేటప్పుడు స్టాక్ డేటాబేస్‌లోనే చూడాలి. అది కూడా చూడలేదంటే మీ షాపులో సెర్చ్ కన్నా పెద్ద లోపాలున్నాయి.

పాత_పట్టిక
చూడమ్మా, నువ్వు పుట్టకముందు నుంచి డేటాబేస్‌లతో కాపురం చేస్తున్నాను.

దారిదీపం
నన్ను అమ్మా అనొద్దు, నువ్వు అని అసలే అనొద్దు. వయసు వాదన కాదు.

నిర్వాహకుడు
ఇద్దరూ కాస్త నిదానించండి. పాత_పట్టిక గారూ, మీరు అనే సంబోధన ఇక్కడి నియమం.

పాత_పట్టిక
సరే, మీరు. పొరపాటు. కానీ జవాబు అదే.

దారిదీపం
నాకూ అనుభవం ఉంది, వినండి. ‘డేటాబేసే చాలు’ అనే సీనియర్ కింద మూడేళ్లు పనిచేశాను. సెర్చ్‌లో దొరకని ప్రతి సరుకుకీ టికెట్ నా పేరు మీదే. ‘గొడుగు’ని ఎవరో ఒక్క అక్షరం మార్చి కొడతారు, సున్నా, టికెట్. ‘సెల్‌ఫోన్’ అంటారు, మా టేబుల్‌లో ‘మొబైల్’ అని ఉంటుంది, సున్నా, టికెట్. పర్యాయపదాల టేబుల్ చేత్తో రాశాను. తప్పు స్పెల్లింగుల టేబుల్ చేత్తో రాశాను. రెండు వేల వరుసలు దాటాక లెక్కపెట్టడం మానేశాను. ఆయన మాత్రం మీటింగుల్లో ‘అంతా డేటాబేస్‌లోనే చేసేశాం’ అని చెప్పుకునేవాడు. ఆ డేటాబేస్ నేనే.

1964లోనే డామెరో అనే ఆయన తేల్చాడు, తప్పు స్పెల్లింగుల్లో దాదాపు 80 శాతం ఒకే ఒక్క తప్పు: ఒక అక్షరం ఎక్కువ, ఒకటి తక్కువ, ఒకటి మారడం, లేదా పక్కపక్క రెండు తారుమారు. అరవై ఏళ్ల కింద తెలిసిన దానికి మనిషి కూర్చుని టేబుల్ రాయడం ఏమిటి? ఎలాస్టిక్‌లో ‘ఫజీనెస్ ఆటో’ అంటే చాలు. రెండక్షరాల దాకా ఉన్నదున్నట్టు, మూడు నుంచి ఐదు దాకా ఒక తప్పు, అంతకన్నా పొడవైతే రెండు తప్పులు మన్నిస్తుంది.

పాత_పట్టిక
మన్నిస్తుంది. ప్రింటర్ క్యాట్రిడ్జ్ 301 కావాలని కొట్టినవాడికి 302ని కూడా మన్నించి చూపిస్తుంది. మూడక్షరాలు, ఒక తప్పు, మీరు చెప్పిన లెక్కే. 301 స్టాక్‌లో లేని రోజున పేజీలో మొదటిది 302. వాడు బొమ్మ చూసి కొంటాడు. ఇంటికెళ్లి పెడితే పట్టదు. వాపసు. ఇది కల్పించి చెప్పట్లేదు, ఇలాంటి వాపసులు నా చేతుల మీదుగా వెళ్లాయి.

దారిదీపం
అంకెలున్న మాటలకి ఫజీ పెట్టకూడదు. అది తెలిసినవాళ్లు చేసుకునే పని.

పాత_పట్టిక
ఈ ముక్క మీ మొదటి సలహాలో లేదేం?

గోడమీద_పిల్లి
చెల్లుకు చెల్లు.

కొత్త_చిగురు
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. సరుకుల పేర్లు తెలుగులో ఉంటే ఈ ఫుల్‌టెక్స్ట్ పనిచేస్తుందా?

ఏనుగు_మావటి
ఖాళీల దగ్గర మాటలు విడగొడుతుంది, అంతవరకే. ‘బూటు’, ‘బూట్లు’ ఒకటేనని దానికి తెలీదు. ఇంగ్లీషు మాటల తోకలు కత్తిరించే పద్ధతి తెలుగుకి పనికిరాదు. ఆ కత్తిరింపు ఇంగ్లీషులో కూడా కొన్నిసార్లు అతి చేస్తుంది. 1980 నాటి పోర్టర్ పద్ధతిలో ‘యూనివర్స్’, ‘యూనివర్సిటీ’ రెండూ ఒకే మొదలు కింద తేలతాయి. తెలుగుకి ఏకవచన బహువచనాల జతలు మీరే రాసి పెట్టుకోవాలి.

పాత_పట్టిక
నేను చెప్పదలచుకున్నది సూటిగా చెబుతాను, తర్వాత ఎవరిష్టం వాళ్లది. కొట్టిన మాట షాపులో లేకపోతే ‘లేదు’ అని చెప్పాలి. ఖాళీ పేజీ కూడా జవాబే. 301 లేదని తెలిస్తే మనిషి వేరే చోట చూసుకుంటాడు, మనమీద నమ్మకం ఉంచుకుంటాడు. మీరంతా ఏదో ఒకటి చూపించి వాణ్ణి కూర్చోబెట్టాలని చూస్తున్నారు. దాన్ని సెర్చ్ అనరు.

దారిదీపం
ఇప్పుడు బయటపడింది అసలు మాట. అంటే మీకు ఎలాస్టిక్‌తో గొడవ కాదు. తప్పు కొట్టిన మనిషికి సాయం చేయడంతోనే గొడవ. స్పెల్లింగ్ రానివాడికి కూడా డబ్బులుంటాయి, అవసరం ఉంటుంది. వాడు తప్పు కొడితే ‘నువ్వు సరిగ్గా కొట్టలేదు, పో’ అనడం నిజాయితీ కాదు, పొగరు. ఖాళీ పేజీ చూసినవాడు సరుకు లేదనుకుంటాడు. ఉంది! అరలో ఉంది! అబద్ధం చెబుతున్నది మీ ఖాళీ పేజీ.

పాత_పట్టిక
301 విషయంలో?

దారిదీపం
301 విషయంలో మీరు కరెక్ట్. గొడుగు విషయంలో నేను కరెక్ట్. మీరు ప్రతి సరుకునీ క్యాట్రిడ్జ్ లాగా చూస్తున్నారు.

పాత_పట్టిక
మీరు ప్రతి సరుకునీ గొడుగులా చూస్తున్నారు.

సరుకుల_చిట్టా
ఇన్ని రోజులుగా చదువుతున్నాను, ఇక ఉండబట్టలేక రాస్తున్నాను. నేను ప్రోగ్రామర్‌ని కాను. ఇలాంటి ఒక షాపులో సరుకులు ఎక్కించే పని నాది. ఇంత మంది ఇంత రాశారు, కీవర్డ్స్ ఎవరు రాస్తారని ఒక్కరూ అడగలేదు. మేం రాస్తాం.

కవర్ల కింద ‘చార్జర్’ అని ఎందుకుందో తెలీదన్నారు. మీ షాపు సంగతి నాకు తెలీదు కానీ మా షాపులో ఎందుకుంటుందో చెబుతాను. కవర్లు కదలట్లేదని పైనుంచి ఒత్తిడి వస్తుంది. ‘దీనితో పాటు ఇది కూడా చూడండి’ అని పెట్టే డబ్బా సైట్‌లో లేదు. అడిగితే వచ్చే నెల అంటారు. మాకున్న ఒకే ఒక్క దారి కీవర్డ్స్ డబ్బా. చార్జర్ వెతికేవాళ్లకి కవర్ కనబడాలంటే అక్కడ ‘చార్జర్’ అని రాయాలి. మమ్మల్ని దొంగలన్నారు పైన ఒకాయన. తలుపు తీసి పెట్టింది మేమే, మరి ఇంకో తలుపు కట్టలేదు మీరు.

ఇంకోటి. ఆ డబ్బాలో ఎన్ని అక్షరాలు పడతాయో మాకెవరూ చెప్పరు. కష్టపడి పాతిక మాటలు రాస్తాం, తప్పు స్పెల్లింగులు కూడా కలిపి. పచ్చగా ‘సేవ్ అయింది’ అని వస్తుంది. మరుసటి రోజు తెరిస్తే చివరి మాట సగానికి తెగి ఉంటుంది, ఆ తర్వాతవి అసలే ఉండవు. ఎన్నిసార్లు చెప్పినా ‘మీరే సరిగ్గా సేవ్ చేసి ఉండరు’ అంటారు. నా మీద మూడుసార్లు రాతపూర్వకంగా ఫిర్యాదు కూడా వెళ్లింది.

నిద్రలేని_సర్వర్
కొట్టు_సైటు గారూ, మీ కీవర్డ్స్ కాలమ్ వార్‌చార్, అంటే పట్టే అక్షరాల హద్దు, ఎంత? స్ట్రిక్ట్ మోడ్ ఉందా? అది మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, పట్టనంత పొడవైతే ఎర్రర్ ఇస్తుంది. ఎవరైనా తీసేసి ఉంటే మాత్రం పట్టినంత రాసి మిగతాది కత్తిరిస్తుంది. ఒక వార్నింగ్ ఇస్తుంది, దాన్ని ఎవరూ చూడరు.

కొట్టు_సైటు
వార్‌చార్ 255. కనెక్షన్ తెరవగానే స్ట్రిక్ట్ మోడ్ తీసేసే ఒక వాక్యం ఉంది. పక్కన కామెంట్: ‘ఎర్రర్లు వస్తున్నాయి, తాత్కాలికం’. ఆరేళ్ల కింద రాశారు.

కీవర్డ్స్ పొడవు సరిగ్గా 255 ఉన్న వరుసలు లెక్కపెట్టాను. నాలుగు వేల పైచిలుకు. తెగిన మాటతో ముగిసేవే ఎక్కువ.

గోడమీద_పిల్లి
పాప్‌కార్న్ కింద పెట్టేశాను.

పాత_పట్టిక
చెప్పానా. డేటా సరిగ్గా లేకపోతే ఏ ఇంజిన్ పెట్టినా ఆ తెగిన మాటలనే వేగంగా వెతుకుతుంది.

దారిదీపం
చెప్పానా. చేత్తో తప్పు స్పెల్లింగులు కూడా రాయిస్తున్నారు, అందుకే 255 చాలట్లేదు. ఫజీ ఉంటే ఆ డబ్బాలో సగం మాటలు అక్కర్లేదు.

సరుకుల_చిట్టా
ఇద్దరూ గెలిచేశారన్నమాట. మంచిది.

పాత_పట్టిక
చిట్టా గారూ, దొంగతనం అన్నది పోలిక కోసమే. మీలాంటివాళ్లని ఉద్దేశించి కాదు. అయినా మాట తప్పే, వెనక్కి తీసుకుంటున్నాను.

సరుకుల_చిట్టా
సరేనండి.

కొట్టు_సైటు
రెండు వారాల తర్వాత వస్తున్నాను. ఎవరికైనా పనికొస్తుందేమోనని చేసింది రాస్తున్నాను.

మేనేజర్‌కి తెగిన కీవర్డ్స్ చూపించాను. ఎలాస్టిక్ మాట ప్రస్తుతానికి ఆగింది, చావలేదు. కీవర్డ్స్‌ని వేరే టేబుల్‌కి మార్చాను, ఒక్కో వరుసకి ఒక్కో మాట. టోకెన్ సైజ్ 1 చేసి రీస్టార్ట్ చేశాను. పేరు మీద ఒకటి, వివరణ మీద ఒకటి ఫుల్‌టెక్స్ట్ కట్టాను. ముందు రెండు కాలమ్‌లనీ కలిపి మ్యాచ్ (ఫుల్‌టెక్స్ట్‌లో వెతికే ఆదేశం) అని రాస్తే ‘ఆ కాలమ్‌లకి సరిపోయే ఇండెక్స్ దొరకలేదు’ అని ఎర్రర్. మ్యాచ్‌లో రాసే కాలమ్‌లు ఇండెక్స్‌లో ఉన్నవాటితో సరిగ్గా సరిపోవాలట, అక్కడ ఒక పూట పోయింది. పేజీ ఇప్పుడు సెకనులోపే వస్తోంది.

ఇంగ్లీషు ‘విత్’, ‘ఫర్’ లాంటివి ఇన్నోడీబీ స్టాప్‌వర్డ్ (వదిలేసే మాటల) జాబితాలో ఉన్నాయి, ఇండెక్స్‌లోకి ఎక్కవు. వాటికి కూడా ప్లస్ పెట్టి తిప్పలు పడకుండా, ముందే కోడ్‌లో తీసేస్తున్నాను.

తప్పు స్పెల్లింగులకి: మా పేర్లలో, కీవర్డ్స్‌లో ఉన్న వేర్వేరు మాటలన్నీ ఒక జాబితాగా తీశాను. సున్నా వచ్చినప్పుడు మాత్రమే, కొట్టిన మాటకీ ఆ జాబితాలో మాటలకీ అక్షరాల తేడా కోడ్‌లో లెక్కపెట్టి దగ్గరిదాన్ని తీసుకుంటున్నాను. అంకె ఉన్న మాటని ముట్టుకోను. అప్పుడు పేజీ పైన ‘మీరు కొట్టింది దొరకలేదు, దీనికి దగ్గరగా ఉన్నవి ఇవి’ అని వస్తుంది.

కవర్లకి ‘దీనితో పాటు’ డబ్బా కట్టడం మొదలుపెట్టాం. కవర్ల కింద ‘చార్జర్’ అన్న మాట ఇంకా తీయలేదు. డబ్బా వచ్చాకే తీస్తామని మా సరుకుల టీమ్ షరతు పెట్టింది. న్యాయమే.

దారిదీపం
సున్నా వచ్చినప్పుడే ఎందుకు? తప్పు మాటకి కూడా ఒకటో రెండో ఫలితాలు తగిలితే అసలైనవి కనబడవు కదా.

పాత_పట్టిక
‘దొరకలేదు’ అన్న వాక్యం అక్షరాలు ఎంత పెద్దవి? చిన్నగా బూడిదరంగులో రాస్తే రాయనట్టే లెక్క.

కొట్టు_సైటు
దారిదీపం గారూ, నిజమే, అది ఇంకా తేల్చలేదు. పాత_పట్టిక గారూ, పెద్దవే. నల్లగానే ఉన్నాయి.

నిద్రలేని_సర్వర్
కొత్తవాళ్లు చదువుతారని మళ్లీ చెబుతున్నాను. మొదట్లో శాతం గుర్తు లేని లైక్ ఇండెక్స్‌ని వాడుతుంది.

పాత_పట్టిక
వాడుతుంది! వాడుతుంది! వాడుతుంది!

గోడమీద_పిల్లి
టీవీ వస్తోందా మరి?

కొట్టు_సైటు
వస్తోంది.

సరుకుల_చిట్టా
ఒక్క సందేహం. కొత్త టేబుల్‌లో కూడా హద్దు ఉందా?

కొట్టు_సైటు
ఒక్కో మాటకి 64 అక్షరాలు. ఎన్ని మాటలైనా రాయొచ్చు.

సరుకుల_చిట్టా
65 రాస్తే?

కొట్టు_సైటు
స్ట్రిక్ట్ మోడ్ మళ్లీ పెట్టాను. సేవ్ అవదు. ఎర్రగా వస్తుంది, ఏ మాట దగ్గరో కూడా చెబుతుంది.

సరుకుల_చిట్టా
ఆ ఎర్రది మా సైట్‌లో కూడా పెట్టమని మావాళ్లకి ఈ లింకు పంపిస్తున్నాను.